కుర్చీ లేని గదిలో రెండో ఏడాది ఆల్జీబ్రా

నిలబడి బతికేవాళ్ళను నేను చాలా ఊళ్ళలో చూశాను. జుట్టు కత్తిరించేవాళ్ళు, బట్టల కొట్లో గుడ్డ కొలిచేవాళ్ళు, సినిమా హాలు గుమ్మంలో టికెట్లు చింపేవాళ్ళు. వాళ్ళందరికీ ఒక విద్య తెలిసి ఉంటుంది. ఒంటి బరువును ఒక కాలి మీంచి రెండో కాలి మీదికి ఎదుటివాడికి తెలియకుండా మార్చుకుంటారు. పని సాగుతూనే ఉంటుంది, మాటా సాగుతూనే ఉంటుంది, లోపల మాత్రం ఒక కాలు సెలవు మీద ఉంటుంది. ఈ విద్యలో నాకు తెలిసిన వాళ్ళందరిలోకీ ఆరితేరిన మనిషి ఒక లెక్కల టీచరు. ఆవిడ ఇంటి మేడ మీది గదిలో నేను ఏడాది పైచిలుకు అద్దెకున్నాను. ఎక్కడా కుదురుగా ఒక చలికాలం గడపని నేను అక్కడ అంతకాలం ఉండిపోవడానికి కారణం ఆ గదికి రెండు వైపులా ఉన్న కిటికీలని అందరితో చెప్పేవాణ్ణి. అసలు కారణం సాయంత్రాలు కింద జరిగే సంభాషణ.

కింద ముందు గది ఆవిడ భర్త పని గది. ఆయన పాత సోఫాలు, కుర్చీలు బాగుచేస్తాడు. చిరిగిన గుడ్డ ఊడదీసి, వదులైన స్ప్రింగులు బిగించి, కొత్త పీచు కూరి, పైన గుడ్డ లాగి మేకులు కొడతాడు. చిన్న మేకులు పెదాల మధ్య పెట్టుకుని ఒక్కొక్కటే తీసి కొడతాడు కాబట్టి ఆయన మాటలు సగం ముక్కులోంచి వచ్చేవి. ఆ గదిలో ఎప్పుడు చూసినా ఎవరివో కుర్చీలు ఆస్పత్రి వరండాలో రోగుల్లా వరసగా ఉండేవి. టీచరమ్మ బడి నుంచి వచ్చి, చేతిసంచీ గోడవారగా పడేసి, ఏది దగ్గరుంటే దాంట్లో కూలబడేది. ఒక్కోసారి దానికి సీటే ఉండేది కాదు. చట్రం అంచు మీదే కూర్చునేది.

"చూశారా పెద్దాయనా, ఊరందరికీ కూర్చునే ఏర్పాటు చేస్తాను. మా ఆవిడ ఒక్కతే పొద్దస్తమానం నిలబడి ఉంటుంది," అనేవాడాయన నాతో.

"నేను మొక్కుకుని నిలబడ్డానా ఏమిటి? మా బడి రూలు," అనేదావిడ కళ్ళు తెరవకుండానే.

రూలు నిజంగానే ఉంది. ఆ బడిలో ఏ క్లాసు గదిలోనూ టీచరుకు కుర్చీ ఉండదు. వెనకటికి ఎవరో సైన్సు మాస్టారు మధ్యాహ్నం పాఠంలో కుర్చీలో నిద్రపోయాడట. పిల్లలు పాపం ఆయన నిద్ర చెడగొట్టడం ఎందుకని, బూట్లు చేత పట్టుకుని ఒక్కొక్కరే జారుకుని ఆటస్థలంలో తేలారు. కిటికీలోంచి అది చూసిన అప్పటి హెడ్మాస్టరు ఆ సాయంత్రమే గదుల్లోని కుర్చీలన్నీ తీయించేశాడు. నిద్రపోయినాయన రిటైరయ్యాడు, తీయించినాయనా రిటైరయ్యాడు, రూలు మాత్రం ఇంకా ఉద్యోగంలోనే ఉంది. లోకంలో చాలా రూళ్ళు ఇలాంటివే. నేను ఒక రేవులో చూశాను, ఓడలు రావడం మానేసిన ధక్కా మీద కూడా 'ఇక్కడ చేపలు పట్టరాదు' అన్న బోర్డుకు ఏటా రంగు వేస్తూనే ఉండేవారు.

ఆవిడ చెప్పేది రెండో ఏడాది ఆల్జీబ్రా. మొదటి ఏడాది ఆల్జీబ్రా వేరు. అప్పుడు ఎక్స్ కొత్త చుట్టం. ఎక్కడ దాక్కుందో కనిపెట్టడంలో పిల్లలకు సరదా ఉంటుంది. రెండో ఏడు వచ్చేసరికి ఎక్స్ ఒక్క విలువతో ఊరుకోదు. రెండంటుంది, మూడంటుంది, ఒక్కోసారి అసలు నేను లేనే లేనంటుంది. సరదా తీరిపోయి, ఒడ్డు కనిపించని చదువది. ఆ పిల్లల వయసూ అలాంటిదే. వాళ్ళ చెమట వాసన, గుసగుసలు, కిటికీ వైపు పోయే చూపులు, వీటన్నిటి మీదా గొంతు పెంచి ఆవిడ పొద్దుట్నుంచి సాయంత్రం దాకా అవే సమీకరణాలు సెక్షను తర్వాత సెక్షనుకు చెప్పాలి. మొదటి సెక్షనులో వేసిన జోకే ఆఖరి సెక్షనులోనూ వేయాలి. "జోకు వేసేటప్పుడు నాకే నిద్రొస్తుంది బాబాయిగారూ," అందొకసారి నాతో.

పిల్లలు ఆవిడకు పెట్టిన పేరు సున్నా మేడమ్. మార్కుల వల్ల వచ్చిన పేరు కాదు. రెండో ఏడాది పిల్లలందరూ చేసే తప్పొకటుంది. సమీకరణంలో రెండు వైపులా ఎక్స్ కనిపిస్తే చాలు, చెయ్యి ఊరుకోదు. అటూ ఇటూ ఎక్స్‌తో భాగించి కొట్టేస్తారు. లెక్క చిన్నదైపోతుంది, జవాబు చటుక్కున వస్తుంది. కాని ఆ ఎక్స్ విలువ సున్నా కూడా అయి ఉండవచ్చు. సున్నాతో దేన్నీ భాగించకూడదు. అది చూసుకోకుండా కొట్టేస్తే, సున్నా అనే జవాబు కూడా దాంతోపాటే కొట్టుకుపోతుంది. రెండు జవాబులు రావలసిన చోట ఒకటే మిగులుతుంది. ఆ మిగిలినది సరైనదే కావడం వల్ల ఎవరికీ అనుమానం రాదు. అబద్ధం చెప్పినవాడు దొరుకుతాడు గాని, సగం నిజం చెప్పి కూర్చున్నవాణ్ణి పట్టుకోవడం కష్టం. ఆవిడ అలాంటి కాగితం చూసినప్పుడల్లా, తిట్టకుండా, అంతా మంచిదే గాని అన్న ధోరణిలో, "సున్నా ఎక్కడికి పోయింది?" అని అడిగేది. ఆ ప్రశ్న బడిలో ఎంత పాకిందంటే, అన్నం డబ్బా ఖాళీగా కనిపించినా పిల్లలు అదే అనుకునేవారు.

పాత పుస్తకాలు తిరగేస్తే, పెద్ద పెద్ద గణితజ్ఞులే సున్నాను జవాబుగా లెక్కలోకి తీసుకోని కాలం ఒకటుండేదని తెలుస్తుంది. నేనా మాట ఆవిడతో అన్నాను.

"వాళ్ళు నా క్లాసులో లేరు. బతికిపోయారు," అంది ఆవిడ.

ఇక ఆవిడ కోరిక సంగతి. ఆ ఏడాది చివరికి బడి లైబ్రేరియను మానేస్తున్నాడు. ఆ పనికి టీచర్లలోనే ఎవరినో ఒకరిని వేస్తామన్నారు. లైబ్రరీ మెట్ల పక్కన చివరి గది. అందులో మూడు బీరువాలు, ఎవరూ అడగని పుస్తకాలు, తూర్పు కిటికీ, ఆ కిటికీ పక్కన ఒక కుర్చీ ఉన్నాయి. చేతులున్న కుర్చీ. రూలు క్లాసు గదులకే గనక అది అక్కడ బతికిపోయింది. ఆ కుర్చీ కోసం ఆవిడ ఒకరోజు హెడ్మాస్టరు గదికి వెళ్ళి అడిగింది. పిక్కల మీద నరాలు ఉబ్బి నల్లగా తేలాయనీ, సాయంత్రమయ్యేసరికి చెప్పుల్లో పాదాలు పట్టడం లేదనీ చెప్పింది. రెండో ఏడాది ఆల్జీబ్రా ఇక తనవల్ల కాదంది.

హెడ్మాస్టరు మంచివాడే. కాదని చెప్పడం చేతకాక ఆ పని ఇంకొకరికి అప్పగించే రకం మంచివాడు. "నాదేముందమ్మా, నాకైతే రేపే ఇచ్చేయాలని ఉంది. ఇన్‌స్పెక్టరుగారు ఎలాగూ వస్తున్నారు. మీ క్లాసులో కూర్చుని చూస్తారు. ఆవిడ అలిసిపోయింది, ఇంక లాగలేదు అని ఆయన ఒక్క మాటంటే లైబ్రరీ మీదే," అన్నాడు.

ఆ కబురు విన్న సాయంత్రం భర్త నోట్లోంచి మేకులన్నీ తీసి డబ్బాలో వేసుకున్నాడు. ముఖ్యమైన మాట చెప్పాలంటేనే ఆయన ఆ పని చేసేవాడు.

"ఇంకేం, తేలిక. ఆయన వచ్చిన రోజు పాఠం కాస్త చెడగొట్టు."

"చెడగొట్టాలంటే కూడా ఓపిక ఉండాలండీ."

"తడబడు. మర్చిపోయినట్టు నటించు."

"మీకు కుర్చీ అప్పగించినవాళ్ళ ముందు మీరు వంకరగా ఒక మేకు కొట్టి చూపించండి, అప్పుడు నేనూ నటిస్తాను."

ఆయన నా వైపు చూశాడు. మేకులు మళ్ళీ నోట్లో పెట్టుకున్నాడు.

ఇన్‌స్పెక్టరు వచ్చిన రోజు క్లాసులో నేను లేను. ఆవిడ చెప్పిందీ, తరవాత ఆ క్లాసు పిల్ల ఒకత్తి చెప్పిందీ కలిపి రాస్తున్నాను. ఆ పిల్లది మా వీధే. నోరు మూతపడదు కనక అందరూ రేడియో అనేవారు. ఇంట్లో కూడా అంతే. వాళ్ళమ్మ వీధిలోకి వచ్చి "రేడియో ఎక్కడ చచ్చిందో" అని అరవడం నేను మేడ మీంచి రోజూ వినేవాణ్ణి.

మధ్యాహ్నం ఎండ బోర్డు మీద సగానికి పడుతున్న వేళ. ఇన్‌స్పెక్టరు వెనక బెంచీలో పిల్లల పక్కన మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నాడు. సన్నటి మనిషి, మెత్తటి చెప్పులు. ఆ రోజు లెక్క బంతి లెక్క. నేల మీంచి తన్నిన బంతి పైకి లేచి మళ్ళీ కింద పడుతుంది. గడిచిన సెకన్లను టీ అంటే, బంతి ఎత్తు ఇరవై టీలలోంచి అయిదు టీ స్క్వేర్ తీసేసినంత. బంతి నేల మీద ఎప్పుడెప్పుడు ఉంటుంది? ఎత్తు సున్నా అనుకుని ఆవిడ రాసింది. అయిదు టీ స్క్వేర్ ఈక్వల్ టు ఇరవై టీ. అప్పటికి అది ఆవిడ వరసగా నాలుగో క్లాసు. ఎడమ కాలి బరువు కుడి కాలికి మార్చింది. కుడి కాలు ఒప్పుకోలేదు. మళ్ళీ ఎడమకు మార్చింది. ఆ మధ్యలో చెయ్యి తన పని తాను చేసుకుపోయింది. రెండు వైపులా అయిదు టీలు కొట్టేసి, టీ ఈక్వల్ టు నాలుగు అని రాసి, కింద గీత కూడా గీసింది.

క్లాసు నిశ్శబ్దంగా నోటు పుస్తకాల్లోకి ఎక్కించుకుంటోంది. అప్పుడు మూడో బెంచీలోంచి రేడియో లేచింది.

"మేడమ్, నాలుగో సెకనుకి బంతి కిందపడింది, బాగానే ఉంది. మరి తన్నకముందు అది ఎక్కడుంది, మా ఇంట్లోనా? నేల మీదే కదా. సున్నా ఎక్కడికి పోయింది?"

క్లాసంతా గొల్లుమంది. ఆవిడ బోర్డు వైపే చూస్తూ ఉండిపోయింది. చాక్‌పీసు గీత చివర ఆగిపోయి ఉంది. ఇన్నేళ్ళలో ఎన్ని వందల చేతులు చేస్తుంటే పట్టుకున్న తప్పో అది. ఇప్పుడు తన చేతిరాతలో, తనకు బాగా తెలిసిన గుండ్రటి అక్షరాల్లో, బోర్డు మీద ఉంది. ఎవరో తన చీర కట్టుకుని ఎదురొచ్చినట్టనిపించిందట ఆవిడకు.

చివరకు తిరిగి, "నువ్వే వచ్చి వెతికి పెట్టు," అంది. మాట్లాడ్డానికి వేరే మాట దొరక్క అన్నదే అది. రేడియో బోర్డు దగ్గరికి వచ్చింది. కొట్టేసినవి చెరిపేసి, అన్నీ ఒక వైపుకి తెచ్చి, అయిదు టీని బయటికి తీసి, రెండు జవాబులూ రాసింది. వెనక నుంచి ఒకడు, "ఎందుకు కొట్టేయకూడదో చెప్పవే," అన్నాడు. "నీ బుర్ర సున్నా అయితే దాంతో భాగిస్తామా?" అని మొదలుపెట్టి ఆ పిల్ల ఉన్నదంతా చెప్పేసింది. ఇంకొకడు లేచి కాదన్నాడు. అవుననేవాళ్ళు ముగ్గురు లేచారు. గంట కొట్టినా వాదన ఆగలేదు. అంతసేపూ ఆవిడ కిటికీ గట్టుకు ఆనుకుని నిలబడింది. ఎంతో కాలానికి నడుముకు ఏదో ఆసరా దొరికింది.

పిల్లలు వెళ్ళాక ఇన్‌స్పెక్టరు ముందుకు వచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

"మేడమ్, నేను చాలా క్లాసులు చూశాను. తప్పు చెయ్యొద్దని చెప్పేవాళ్ళే అందరూ. తప్పు తనే చేసి, పిల్లల చేత పట్టించి, చప్పుడు చెయ్యకుండా పక్కకు తప్పుకునే ధైర్యం ఎవరికుంది? ఆ గీత గీశారు చూడండి కింద, అది మాత్రం అద్భుతం."

"అది కావాలని చేసింది కాదండీ. నిజంగానే మర్చిపోయాను."

ఆయన నవ్వాడు.

"నిజమండీ. కాళ్ళు లాగేస్తున్నాయి, బుర్ర పనిచెయ్యలేదు. అందుకే లైబ్రరీ అడిగాను."

"ఇంత పని చేసి మర్చిపోయానంటున్నారు. మీ వినయం మీది," అని దణ్ణం పెట్టి మరీ వెళ్ళాడు.

పుస్తకాలు చదివి చదివి నాకో అనుమానం బలపడింది. మనిషి చెప్పే నిజాల్లో జనం నమ్మనివి ముఖ్యంగా తన గురించి తాను తక్కువ చేసి చెప్పుకునేవి. గొప్పలు పోతే కనీసం సగం నమ్ముతారు. ఆవిడ తన చేతకానితనాన్ని సాక్షులతో సహా రుజువు చేసుకుంది. అదే ఆవిడ మెడకు చుట్టుకుంది. హెడ్మాస్టరు ఆ సాయంత్రమే పిలిచి, ఇలాంటి టీచరును బీరువాల మధ్య కూర్చోబెడితే ఇన్‌స్పెక్టరుగారు నన్ను తిడతారమ్మా అన్నాడు. లైబ్రరీ డ్రిల్లు మాస్టారికి వెళ్ళింది. ఆయన అలిసిపోయానని ఎవరితోనూ అనలేదు.

ఆ సంగతి ఇంట్లో చెప్పినప్పుడు భర్త నవ్వాపుకోలేక మేకులు ఉమ్మేశాడు. కిందపడ్డ మేకులు ఏరుతూ ఇంకా నవ్వాడు. ఆవిడ నవ్వలేదు. గుడ్డ ఊడదీసిన సోఫా చట్రం మీద కూర్చుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని వాటినే చూస్తూంది. వేళ్ళ సందుల్లో చాక్‌పీసు పొడి ఇంకా ఉంది.

"మీకు నవ్వులాటగా ఉంది. లైబ్రరీ పోతే పోనీండి. చెయ్యి నాకు చెప్పకుండా రాసేసిందండీ. నేను చూస్తూనే ఉన్నాను, నాకు కనబడలేదు."

ఆయన నవ్వు ఆగిపోయింది. తరవాత ఆయన లేచి, లోపలి నుంచి వేణ్ణీళ్ళ బకెట్టు తెచ్చి ఆవిడ పాదాల దగ్గర పెట్టాడు. నేను మేడ మీదికి వెళ్ళిపోయాను.

మర్నాడు సాయంత్రం, వాళ్ళమ్మ బాగుకిచ్చిన కుర్చీ పట్టుకెళ్ళడానికి రేడియో వచ్చింది. వచ్చిన పని అయిపోయినా కదల్లేదు. కుర్చీ గుడ్డ మీద గోటితో గీతలు గీస్తూ నిలబడింది. ఆ పిల్ల మౌనంగా ఉండటం చూసి భర్త, "ఏమే, బ్యాటరీలు అయిపోయాయా?" అన్నాడు.

"మేడమ్," అంది ఆ పిల్ల ఆయన్ను పట్టించుకోకుండా. "నిన్న మీరు కావాలని చెయ్యలేదు కదూ."

"ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. కావాలని తప్పు రాసేవాళ్ళు రాసి మా మొహాలు చూస్తారు, ఎవరు పట్టుకుంటారా అని. మీరు బోర్డునే చూశారు."

టీచరమ్మ, "లేదు. కావాలని చెయ్యలేదు," అంది.

"నేనెవరికీ చెప్పను."

"నువ్వా? చెప్పుకోవే, పర్వాలేదు. నేనే చెప్పి చూశాను, ఎవరూ నమ్మలేదు."

పిల్ల నవ్వింది. కుర్చీ ఎత్తి నెత్తిన బోర్లించుకుని గుమ్మం దాకా వెళ్ళి, కుర్చీ కింద నుంచే అంది: "మీరు కిటికీకి ఆనుకుని నిలబడ్డారు కదా మేడమ్, అప్పుడు క్లాసు బాగుంది. రోజూ మీరే రాయకపోతే ఏం? మా చేతులేమైనా అరిగిపోతాయా?"

మర్నాడు ఆవిడ రెండోసారి అడగడానికి హెడ్మాస్టరు గదికి వెళ్ళింది. ఈ విషయం కూడా ఆవిడ మాటల్లోనే విన్నాను.

"రండి మేడమ్, మన బడి పేరు నిలబెట్టారు. ఏం కావాలన్నా అడగండి," అన్నాడట ఆయన, మొన్న లైబ్రరీ ఇవ్వలేదన్న మొహమాటంతో.

"కుర్చీ కావాలి. క్లాసులో."

"కుర్చీయా? అది..." ఆయన నీళ్ళు నమిలాడు. "రూలు కదమ్మా. మీకిస్తే అందరూ అడుగుతారు."

"అడగనివ్వండి. అందరికీ కాళ్ళున్నాయి."

"మరి మీలో ఎవరైనా నిద్రపోతే?"

"మొన్న నేను నిలబడే నిద్రపోయానండీ. దానికే ఇన్‌స్పెక్టరుగారు నాకు దణ్ణం పెట్టారు."

హెడ్మాస్టరు అది కూడా వినయమే అనుకున్నాడో, ఏమనుకున్నాడో, బడి కుర్చీ మాత్రం ఇవ్వలేనన్నాడు. ఇంటి నుంచి తెచ్చుకుంటే చూడనట్టుంటానన్నాడు. మంచివాడని ముందే చెప్పాను.

భర్త ఆ వారమంతా వేరేవాళ్ళ పని పక్కన పెట్టి ఒక కుర్చీ పనిమీద కూర్చున్నాడు. మంచి టేకు చేతులు, ఆకుపచ్చ గుడ్డ, నడుము దగ్గర కాస్త ఉబ్బెత్తుగా పీచు. చుట్టుపక్కల వాళ్ళందరినీ పిలిచి కూర్చోబెట్టి చూశాడు. నన్నూ కూర్చోబెట్టాడు. నా తిరుగుడు బతుకులో చాలా కుర్చీలు వాడాను, అంత నిజాయితీ గలది తక్కువ. ఆవిడ దాన్ని రిక్షాలో వేయించుకుని బడికి తీసుకెళ్ళింది. సాయంత్రం దాన్ని మళ్ళీ రిక్షాలో వేయించుకుని వచ్చింది.

"ఏమైంది? హెడ్మాస్టరు ఒప్పుకోలేదా?"

"ఒప్పుకున్నాడు. కూర్చుంటే మొదటి బెంచీ తప్ప ఏమీ కనబడ్డంలేదు. వెనక బెంచీలో పేకాట మొదలెట్టారు. రోజంతా దాని పక్కన నిలబడ్డాను."

ఆయన కుర్చీ వైపు చూశాడు, ఆవిడ వైపు చూశాడు. కొలబద్ద తీసి ఆవిడను నిలబడమన్నాడు. ఆవిడ "ఇంకా నిలబడాలా?" అంటూ లేచింది. కంటి ఎత్తు కొలిచి, కుర్చీని బోర్లించి, పొడుగాటి కొత్త కాళ్ళు అమర్చి, పాదాలు ఆనడానికి కింద ఒక అడ్డపట్టీ కూడా వేశాడు. తయారయ్యాక అది చిత్రంగా ఉంది. రేవుల్లో ఒడ్డున కూర్చుని సరుకు లెక్కపెట్టే గుమాస్తాల ఎత్తు పీట లాంటిది, సింహాసనానికి తక్కువ, బల్లకు ఎక్కువ.

నేనా ఊరు వదిలేముందు ఒకసారి బడి పక్క సందులోంచి వెళ్ళాను. ఆవిడ గది రోడ్డు వైపే. కిటికీ తెరిచి ఉంది. ఎత్తు కుర్చీలో ఆవిడ కూర్చుని ఉంది. పాదాలు అడ్డపట్టీ మీద ఉన్నాయి, చెప్పులు కింద ఉన్నాయి. బోర్డు దగ్గర ఒక పొట్టి పిల్లవాడు చాక్‌పీసుతో తంటాలు పడుతున్నాడు. ఆవిడ మొహంలో అలసట ఎక్కడికీ పోలేదు. అదే ముడుత, అదే బరువు కళ్ళు. సాయంత్రం దాకా ఇంకా రెండు సెక్షన్లున్నాయి. పిల్లవాడు రెండు వైపులా ఏదో కొట్టేశాడు. ఆవిడ క్లాసు కేసి చూసి ఆగింది. ఒక క్షణం తరవాత నాలుగైదు గొంతులు ఒక్కసారే అడిగాయి ఆ ప్రశ్న. ఆవిడ నడుము వెనక్కి వాల్చింది.